పడమటి జట్టు మనిషి

రెండువేల ఇరవై రెండు. వానాకాలం వెళ్లిపోతున్న రోజులు. ఉప్పలగుప్తం దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఒక ఊళ్లో, నేను కట్టిన ఇంటికే నన్ను మళ్లీ పిలిచారు. కట్టిన ఇంటికి తాపీమేస్త్రిని మళ్లీ పిలిచారంటే స్లాబు కారుతోందనో, గోడలకి ఉప్పు తేలిందనో అనుకోవాలి. మా వైపు నేలలో ఉప్పెక్కువ. కింది వరసల ఇటుకల్లోంచి తెల్లటి పొడిలా బయటికొచ్చి సున్నాన్ని రాలగొడుతుంది. అదే అయ్యుంటుందని తాపీ, రసమట్టం, తూకం గుండు సంచిలో వేసుకుని వెళ్లాను. తీరా చూస్తే ఇంటికి ఏ జబ్బూ లేదు. జబ్బు ఉండాలని ఇంట్లోవాళ్లకి ఉంది, అందుకు పిలిచారు.

నేను మెత్తగా చెప్పే రకం కాదు. నాకు అక్షరాలు వచ్చిందే నలభై దాటాక. అంతకుముందు ప్లాన్ కాగితం మీద గీతలు చూసి గోడ లేపేవాణ్ణి, రాతలు ఇంకొకరి చేత చదివించుకునేవాణ్ణి. ఇప్పుడు నా చేత్తో నేనే రాస్తున్నాను కాబట్టి ఇందులో సొగసులు వెతక్కండి. ఈ పని గురించి తెలుసుకోవాలనుకునేవాళ్లు ఇల్లు ఎలా కడతారని అడుగుతారు. కట్టించిన మనిషిని ఆ ఇంట్లోంచి ఎలా పంపేస్తారో ఎవరూ అడగరు. నేను చూశాను కాబట్టి అది చెబుతాను.

ఆ ఇల్లు నాగమణి కష్టం. ఆవిడ కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి అప్పటికి పదిహేనేళ్లు. భర్త శ్రీను, అత్తగారు సూరమ్మగారు ఇక్కడే ఉండేవారు. పిల్లలు లేరు. స్థలం సూరమ్మగారి పేర ఉంది. గల్ఫ్ సొమ్ముతో లేచే ఇళ్లు మా ప్రాంతంలో ఒక్కసారిగా లేవవు. ఒక యేడు పునాది, ఇంకో యేడు ప్లింత్. ప్లింత్ అంటే నేల మట్టం నుంచి ఇంటి గచ్చు దాకా లేపే కట్టడం. కాలవ పొంగినా గుమ్మంలోకి రాకుండా మేము దాన్ని బాగా ఎత్తు చేసి లోపల ఇసక నింపుతాం. తర్వాత రెండేళ్లు ఏమీ ఉండదు, ఊచలు తుప్పుపట్టి ఆకాశంలోకి చూస్తుంటాయి. మళ్లీ పైకం వస్తే గోడలు. నాగమణి ఇల్లూ అలాగే లేచింది.

ఆవిడ ఎదురుగా నిలబడి కట్టించుకున్నది లేదు. అంతా ఫోన్లోనే, బొమ్మ కనబడే కాల్‌లో. ఒకసారి వంటిల్లు కడుతుంటే చేసింది.

“మేస్త్రిగారూ, వంటింటి గట్టు ఎంతెత్తు పెడతన్నారండీ?”

“అందరికీ పెట్టేదేనమ్మా.”

“అందరూ నాకంటే పొడుగండీ. ఇక్కడ సింకు నా గుండెల్దాకా వస్తాది. చేతులు పైకెత్తి తోమీ తోమీ భుజాలు పడిపోయేయి. నా ఇంట్లోనైనా చేతులు కిందకి దించుకుని పనిచేసుకోనివ్వండి.”

అక్కడి వాళ్ల ఫ్రిజ్ పక్కన నిలబడి, నడుం దగ్గర చెయ్యి పెట్టి ఇదిగో ఇక్కడికి అని చూపించింది. నేను అంచనా కట్టి గట్టు దించాను. సూరమ్మగారు వచ్చి చూసి మూతి ముడిచారు.

“ఇదేం గట్టు మేస్త్రీ, బొమ్మల పెళ్లికి కట్టినట్టుంది?”

“కట్టించే ఆవిడ పొట్టిదండీ,” అన్నాను. సూరమ్మగారు నాతో ఆ వారమంతా మాట్లాడలేదు.

ఇల్లు పూర్తయిన మరుసటి యేడు నాగమణి వచ్చేసింది. సెలవుకి కాదు, ఉండిపోవడానికే. మోకాళ్లు రెండూ పట్టేశాయి. నేను పలకరించడానికి వెళ్తే సిట్‌అవుట్‌లో, అంటే ముందు వైపు కూర్చోవడానికి కట్టే చిన్న అరుగులో, కుర్చీ వేసుకుని టీ తాగుతోంది.

“ఇంక ఎల్లనండీ. అక్కడ మా మేడమ్ ఇల్లు నాలుగంతస్తులు. లిఫ్టు ఆళ్లకే, మెట్లు మాకు. ఇక్కడే ఉంటాను. పొద్దున్నే ఇలా కూచుని టీ తాగుతాను. తాగినంతసేపూ నన్నెవరూ పిలవకూడదు. అంతేనండి నా కోరిక.”

“ఇంకేం, మారాణివి,” అన్నాను.

“ఆయ్. పొట్టి మారాణిని,” అని నవ్వింది.

ఆవిడ వచ్చిన ఆరు నెలల్లో రెండు జరిగాయి. శ్రీను లీజుకి తీసుకున్న రొయ్యల చెరువుకి వైరస్ తగిలి, పట్టి అమ్ముకునే రోజులకి దగ్గరలో రొయ్యలన్నీ ఎర్రబడి గట్టుకి చేరాయి. సూరమ్మగారు నూతి పళ్లెంలో జారి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. ఆ యేడు చుట్టుపక్కల చెరువులు చాలా పోయాయి. నాచు పట్టిన నూతి పళ్లెం మీద ఎవరైనా జారతారు. కానీ ఇంట్లో మాట ఇంకోలా మొదలైంది. ‘అది వచ్చిన కాణ్ణించీ.’ ఈ మాట పూర్తి చెయ్యక్కర్లేదు. సగంలో ఆపితేనే ఎక్కువ పనిచేస్తుంది.

అసలు సంగతి ఇంకోటుంది. ఇంటి మీద ఇంకో అంతస్తు వేసి చెరువుల మీద పనిచేసే కుర్రాళ్లకి అద్దెకివ్వాలని శ్రీను ఆశ. నాగమణి కువైట్ మానేసింది, ఆ ఆశ ఆగిపోయింది. అంత మాట పైకి అనడానికి అతనికి నోరు రాలేదు. అతను కొట్టేవాడూ కాదు, తిట్టేవాడూ కాదు. కావలసిన మాట ఇంకొకరి నోట పలికిస్తే బాగుణ్ణని ఎదురుచూసే రకం.

ముందు మా సిద్ధాంతిగారినే పిలిచారు. ఇంటికి పునాది గీతలు గీసి ముగ్గు పోయించింది ఆయనే. తూర్పు ముఖం, ఈశాన్యంలో నుయ్యి, ఆగ్నేయంలో పొయ్యి, నైరుతి బరువు. ఆయన ఇల్లంతా తిరిగి, “దీనికి వంక పెడితే నా నాలిక ఊడుతుంది,” అని వెళ్లిపోయారు. వాస్తులో తప్పు దొరకలేదు. వాళ్లకేమో తప్పు కావాలి. అందుకని చైనా నుంచి తెప్పించుకున్నారు.

అలా వచ్చారు ఫెంగ్‌షుయి కన్సల్టెంటు. ఆయన్ని మూర్తిగారు అందాం. అది అసలు పేరు కాదు. గోడ ఎక్కడ తీయొచ్చు, ఏది బరువు మోస్తోంది, సెప్టిక్ ట్యాంకు ఎటుంది అని చెప్పడానికి మేస్త్రి ఉండాలన్నారట, అందుకే నాకు కబురు. కారులో వచ్చారు, చెప్పులు బయటే విడిచారు, నాకు నమస్కారం పెట్టారు. చేతిలో చదరపు చెక్కపలక. నడుమ దిక్సూచి ముల్లు, దాని చుట్టూ వలయాలు వలయాలుగా చైనా అక్షరాలు. దాన్ని లో-పాన్ అంటారని చెప్పారు. మనిషి మర్యాదస్తుడు. అడిగితే విసుక్కోకుండా చెప్పే గుణముంది. నాకు తెలియంది అడగడానికి నాకెప్పుడూ సిగ్గులేదు.

“ఫెంగ్ అంటే గాలి, షుయి అంటే నీరు మేస్త్రిగారూ. వాళ్లు మొదట్లో ఇళ్లకి చూసేవారు కాదు, సమాధులకి. పెద్దల్ని ఎక్కడ పూడిస్తే గాలికి చెదరకుండా, నీటికి దగ్గరగా ఉంటారో, అక్కడ పూడిస్తే కింది తరాలు బాగుంటాయని నమ్మకం. ఇళ్లకి తర్వాత వచ్చింది.”

“అక్కడ ఏ ముఖం మంచిదండీ?”

“దక్షిణం. వెనక ఉత్తరాన కొండ, ముందు నీళ్లు ఉండాలి. ఉత్తరం నుంచి చలిగాలీ దుమ్మూ కొట్టే దేశం కదా.”

“మాకు కొండా లేదు, చలీ లేదు. గాలీ నీళ్లూ సముద్రం మీంచే వస్తాయి. రెండూ కలిసొచ్చిన రోజుని తుఫానంటాం.”

ఆయన గట్టిగా నవ్వారు. “అందుకే ఇప్పుడు కొండలు చూడటం లేదండీ. లెక్కలు చూస్తున్నాం.”

ఆ లెక్కేమిటో కూడా చెప్పాలి, లేకపోతే జరిగింది మీకు అర్థం కాదు. పుట్టిన సంవత్సరంలో చివరి రెండు అంకెలు కలుపుతారు. ఒక్క అంకె అయ్యేదాకా కలుపుతూ పోతారు. మగవాళ్లకి దాన్ని పదిలోంచి తీసేస్తారు, ఆడవాళ్లకి అయిదు చేర్చి మళ్లీ ఒక్క అంకె చేస్తారు. వచ్చిన అంకెని బట్టి మనిషి తూర్పు జట్టో పడమటి జట్టో తేలుతుంది. తూర్పు జట్టు వాళ్లకి తూర్పు గుమ్మం మేలు, పడమటి జట్టు వాళ్లకి కీడు. అమలాపురం బజార్లో అమ్మే నవ్వే బొమ్మలూ, మూడుకాళ్ల కప్పలూ, గాలికి మోగే గొట్టాలూ అన్నీ ఈ లెక్క తర్వాతవే. ఆ లెక్క ప్రకారం భార్యాభర్తలు వేరువేరు జట్లు కావడం మామూలే, దానికి చిన్నచిన్న మార్పులున్నాయి అని ఆయనే అన్నారు.

హాల్లో అందరం కూర్చున్నాం. శ్రీను కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. అతని ఆధార్ చూసి మూర్తిగారు లెక్క కట్టారు. తూర్పు. సూరమ్మగారి ఆధార్ చూశారు. ఆవిడ ఎప్పుడు పుట్టారో ఆవిడకే తెలియదు. కార్డులో ఉన్నది కార్డులు రాసినరోజు ఎవరో తోచింది వేసిన యేడు. దానికీ లెక్క కట్టారు. తూర్పే. సూరమ్మగారు కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని నిటారుగా కూర్చున్నారు.

నాగమణిది పాస్‌పోర్టు. డెబ్బై ఐదు. ఏడూ ఐదూ పన్నెండు, ఒకటీ రెండూ మూడు, మూడూ ఐదూ ఎనిమిది.

“ఎనిమిది. పడమటి జట్టమ్మా మీది,” అన్నారు మూర్తిగారు.

“నే చెప్పలా,” అన్నారు సూరమ్మగారు. ఎవరికి చెప్పారో, ఎప్పుడు చెప్పారో ఎవరూ అడగలేదు.

నాగమణి అప్పటిదాకా టీ గ్లాసులు తీస్తోంది. ఆగింది.

“అది నా యేడు కాదండీ. ఏజెంటు యేడు.”

మూర్తిగారికి అర్థం కాలేదు. మా ఊళ్లలో చిన్నపిల్లకి కూడా తెలిసిన సంగతి ఇది. ముప్పై నిండని ఆడమనిషిని గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లనివ్వరు. వెళ్లాలంటే ఏజెంటు వయసు పెంచి పాస్‌పోర్టు చేయిస్తాడు. మా వైపు నుంచి వెళ్లిన ఆడవాళ్లలో చాలామందికి రెండు వయసులు. ఒకటి తల్లి చెప్పింది, ఒకటి ఏజెంటు చెప్పింది.

“నేను ఎల్లినప్పుడు నాకు ఇరవయ్యెనిమిదండీ. నాలుగేళ్లు కలిపేడు. నాది డెబ్బై తొమ్మిది. మా అమ్మ చెప్పేది. అత్తయ్యగారికీ తెలుసు. ఆరి చిన్నమ్మాయీ నేనూ ఒక యేడు వాళ్లమే. పెళ్లిచూపుల్లో ఆరే అన్నారు, మా పిల్ల ఈడుదే అని.”

మూర్తిగారు నిజాయితీగానే మళ్లీ లెక్క కట్టారు. ఏడూ తొమ్మిదీ పదహారు, ఒకటీ ఆరూ ఏడు, ఏడూ ఐదూ పన్నెండు, ఒకటీ రెండూ మూడు. ఆయన మొహం విచ్చుకుంది.

“మూడు! అయితే తూర్పేనమ్మా. మీ ముగ్గురిదీ ఒకటే జట్టు. ఈ ఇంటికి మీరు చక్కగా కుదిరారు. ఇంకేం బాధ లేదు. చిన్నచిన్నవి నాలుగు మార్చుకుంటే చాలు.”

ఇంట్లో దోషం లేదని తేలితే ఎవరైనా సంతోషించాలి. కన్సల్టెంటు సంతోషించారు, నేను సంతోషించాను. మిగతా ఇద్దరి మొహాలూ నేను చూశాను. ఎక్కవలసిన బస్సు తప్పిపోయినవాళ్లలా ఉన్నారు.

“ఏమోనండీ,” అన్నాడు శ్రీను, నేల చూస్తూ. “ఆళ్లమ్మ ఏం చెప్పిందో, ఎవరికి తెలుసు. పాస్‌పోర్టంటే గవర్మెంటుది కదండీ.”

“నువ్వే కదా ఏజెంటు దగ్గరికి తీసికెళ్లేవు!” అంది నాగమణి. “పక్కనే నిలబడ్డావు కదా, ఆడు రాస్తంటే!”

“పక్కనున్నాను. ఏం రాసేడో నాకేం తెలుసు.”

“అత్తయ్యా, మీరు చెప్పండి. మీ చిన్నమ్మాయీ నేనూ...”

సూరమ్మగారు చేతి కట్టు సవరించుకున్నారు. “నాకేం గుర్తుంటాదే. పిల్లలు పుట్టిన యేళ్లు రాసి పెట్టుకున్నానా?”

నేను ఊరుకోలేకపోయాను. “సూరమ్మగారూ, మీ చిన్నమ్మాయి పుట్టిన యేడు మర్చిపోయేరా? మొన్న మనవడి బారసాలలో మీరే అన్నారు కదండీ, పిల్లకి నలభై దాటి రెండేళ్లయ్యాక మగపిల్లాడు పుట్టేడని, దేవుడు ఆలస్యంగా చూసేడని?”

“నువ్వు గోడల సంగతి చూడు మేస్త్రీ,” అన్నారావిడ. “మా ఇంటి సంగతి మేం చూసుకుంటాం.”

అప్పుడందరూ మూర్తిగారి వంక చూశారు. ఆయన కలం మూత పెట్టారు, తీశారు. ఆయనకి తెలుసు. లెక్కలో రెండు దారులున్నాయి, ఒకటి నిజం, ఒకటి పిలిచినవాళ్లకి కావలసింది. ఆ నిమిషం ఆయన మీద నాకున్న గౌరవం ఎటు వెళ్తుందో అని నేను చూస్తూ కూర్చున్నాను.

“మా పద్ధతిలో... రికార్డులో ఉన్నదాన్ని తీసుకోవడమే ఆనవాయితీ,” అన్నారు. “మనిషి ఏ తేదీతో లోకంలో చలామణీ అవుతున్నాడో ఆ తేదీకే బలం ఉంటుందని కొందరి అభిప్రాయం.”

ఎవరి అభిప్రాయమో చెప్పలేదు. తర్వాత ఆయన ఇచ్చిపోయిన తెలుగు పుస్తకం నేను కూడబలుక్కుంటూ మొత్తం చదివాను. అందులో ఆ మాట ఎక్కడా లేదు.

సూరమ్మగారు ఇంకో ప్రశ్న వేశారు. అది అడగడానికే అంతసేపూ కూర్చున్నారని నాకిప్పటికీ అనిపిస్తుంది.

“బాబూ, కువైట్ ఎటుంటాదండీ?”

“పడమరేనమ్మా.”

“అదే మరి. దానికి కలిసొచ్చిందంతా అటే.”

నాగమణి గ్లాసులు వంటింట్లో పెట్టేసి వచ్చి నిలబడింది. ఏడవలేదు, అరవలేదు. “ఇప్పుడు నన్నేం చెయ్యమంటారండీ?” అని మూర్తిగారినే అడిగింది. ఆయన లో-పాన్ ముల్లు వంక చూస్తూ చెప్పారు. వెనక వైపు స్టోర్‌రూమ్ ఉంది కదా, దానికి పడమర గోడకి గుమ్మం పెట్టి, హాల్లోకి ఉన్న గుమ్మం మూసేస్తే, ఆవిడ ఆ గదిలో పడుకుని ఆ గుమ్మంలోంచి తిరిగితే ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఇంట్లోనే ఉన్నట్టూ ఉంటుంది.

ఆ గది నేను కొబ్బరికాయలకీ బియ్యం బస్తాలకీ కట్టాను. కిటికీ కూడా లేదు. “అది మధ్యాహ్నం నుంచి ఎండ తినే గోడండీ,” అన్నాను. “గుమ్మం పెడితే పొయ్యి మూతి తీసినట్టే. మనుషులుండే గది కాదు.”

“అయితే గాలికి మోగే గంటలు కట్టుకోవచ్చు,” అన్నారు మూర్తిగారు. ఆ మాట అన్నందుకు ఆయనే సిగ్గుపడ్డట్టు వెంటనే లేచారు.

ఆయన వెళ్లాక శ్రీనుతో చెప్పాను. “ఈ గోడ నేను కొట్టను. ఇంకెవర్నైనా పిలుచుకో.” బయటికొచ్చి సైకిలు తీస్తుంటే నాగమణి వెనకే వచ్చింది.

“పెట్టేయండి మేస్త్రిగారూ. ఇంకొకడైతే లింటెల్ కూడా సరిగ్గా ఎయ్యడు. గోడ బీటలిస్తాది.”

లింటెల్ అంటే గుమ్మం పైన గోడ బరువు ఆపడానికి వేసే కాంక్రీటు దూలం. తనని ఇంట్లోంచి వేరుచేసే గుమ్మానికి ఆ మనిషి లింటెల్ గురించి ఆలోచించింది.

“నీ వయసు నిజం అని ఊళ్లో పదిమంది చేత చెప్పిద్దాం. పెద్దల్ని కూచోబెడదాం,” అన్నాను.

“ఎందుకండీ? ఆళ్లకి తెలీదనా?” అంది. సైకిలు మళ్లీ గోడకి ఆనించాను.

గుమ్మం పెట్టాను. హాలు వైపు గుమ్మానికి ఇటుకలు పేర్చి పూత పూశాను. ఆవిడ పొద్దున్న చీపురు పట్టుకుని ఆ గుమ్మంలోంచి బయటికొచ్చి, ఇంటి చుట్టూ తిరిగి, ముందు వాకిలి తుడిచి, మళ్లీ చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లేది. మోకాళ్లు పట్టేసిన మనిషి. సిట్‌అవుట్‌లో కుర్చీ శ్రీనుది అయింది. వంటింట్లోకి రావచ్చా లేదా అన్నది మూర్తిగారు చెప్పలేదు గానీ, వంట మానమని మాత్రం ఎవరూ అనలేదు.

చలి మొదలయ్యేలోగా ఆవిడ కువైట్ వెళ్లిపోయింది. పాత మేడమ్ తీసుకోలేదట, వేరే ఇల్లు. వ్యాన్ ఎక్కించడానికి వీధిలో అందరూ ఉన్నారు. పడమర గుమ్మంలోంచే బయల్దేరాలి, అప్పుడే కలిసొస్తుంది అన్నారు సూరమ్మగారు. పెట్టె మోస్తూ ఆవిడ తను కట్టించిన ఇంటి గోడ పక్కనుంచి సందులో నడిచి వచ్చింది. హాల్లో అడుగు పెట్టలేదు. నేను వీధి అవతల నిలబడి చూశాను. అడ్డుచెప్పడానికి అది నా ఇల్లు కాదు.

మరుసటి పంటకి చెరువు బాగా పండింది. ఆ యేడు మా మండలంలో చాలామందికి పండింది, వైరస్ రాలేదు. మూర్తిగారు ఇప్పుడు కొత్తవాళ్లకి ఈ ఇల్లే చెబుతారని విన్నాను. జట్టు కుదరని మనిషిని సరైన దిక్కుకి పంపగానే ఇంటికి లక్ష్మి వచ్చిందని. ఆయన చెప్పేది పూర్తి అబద్ధం కూడా కాదు. నాగమణి కువైట్‌లో అడుగుపెట్టిన నెల నుంచీ ఆ ఇంటికి సొమ్ము వస్తూనే ఉంది.

ఇంటి మీద అంతస్తుకి శ్రీను నన్నే పిలిచాడు. “కలిసొచ్చింది మేస్త్రిగారూ, మీ చెయ్యి మంచిది,” అన్నాడు. రానన్నాను. ముక్కు మీద కొట్టినట్టే చెప్పాను, నీ మేడకి నా తాపీ అంటదని. ఇంటికొచ్చి మా ఆవిడతో ఆ మాట రెండుసార్లు చెప్పుకున్నాను కూడా. పెద్ద పని చేసినట్టనిపించింది. రెండు రోజుల తర్వాత కువైట్ నుంచి నాగమణి ఫోన్.

“మేస్త్రిగారూ, మేడ కట్టనన్నారంటగా?”

“అన్నానమ్మా.”

“నా మీద జాలాండీ?”

“జాలి కాదు. కోపం.”

“కోపం మీకు బాగానే ఉంటాదండీ. కోపమొచ్చి మీరు ఇంటికాడ కూచుంటారు. ఆళ్లు ఎవడో ముక్కూ మొహం తెలీనోణ్ణి పెడతారు. ఆడు సిమెంటు తక్కువేస్తాడు, ఉప్పు ఇసక తోలతాడు. కారేది ఎవరి స్లాబండీ? నాదే కదా.” వెనకాల ఎవరో అరబ్బీలో పిలుస్తున్నారు. ఆవిడ గొంతు తగ్గించింది. “ఎప్పటికైనా నేనుండే ఇల్లే కదండీ అది.”

అప్పుడు అడిగాను, ఎన్నో యేళ్ల కిందట మొదటి ముగ్గు పోసిన రోజున అడగవలసిన మాట. “స్థలం నీ పేర కొంచెమైనా రాయించుకున్నావా అమ్మా?”

“అత్తయ్యగారి పేరునుంది. ఆరి తర్వాత ఈయనకే కదండీ. ఈయనదంటే నాదే కదా... కాదాండీ?”

అరబ్బీ గొంతు మళ్లీ పిలిచింది. “వస్తన్నానండీ, పెడతాను,” అని ఫోన్ పెట్టేసింది. జవాబు చెప్పే అవసరం రాలేదని సంతోషించాను.

వెళ్లి మేడ కట్టాను. ఇసక నేనే చూసి గోదావరిది తోలించాను. స్లాబుకి నీళ్లు కట్టి తడుపుతుంటే సూరమ్మగారు కింద నుంచి, “ఏం మేస్త్రీ, రానన్నావంట?” అని ఎత్తిపొడిచారు. తలవంచుకుని నీళ్లు పోశాను. నా పౌరుషం వల్ల నాగమణికి ఒరిగేది ఒక్క ఇటుక కూడా లేదు. సిమెంటు సరిగ్గా కలిపితే కనీసం స్లాబు కారదు. ఆ ఇల్లిప్పుడు రెండంతస్తులు. పైన నలుగురు కుర్రాళ్లు అద్దెకుంటున్నారు. వెనక స్టోర్‌రూమ్‌లో మళ్లీ కొబ్బరికాయలున్నాయి.

ఆ చైనావాళ్ల మీద నాకేం కోపం లేదు. వాళ్ల పుస్తకం చదివాను కదా. ఎప్పుడో కొండ వెనక చలిగాలికి దాక్కుని, నీళ్లకి దగ్గరగా బతకాలనుకున్న మనుషుల ఆలోచన అది. మా పాత మేస్త్రులు వాన కొట్టే వైపు చూరు కిందకి దించడం, కాలవ మట్టం కంటే ఎత్తుగా ప్లింత్ లేపడం కూడా అలాంటిదే. మన వాస్తు పట్టుకున్నవాళ్లూ ఇలాంటి పనులు చేయడం చూశాను. ఈశాన్యం పెరిగిందని తమ్ముడి వాటా గోడ జరిపించినవాళ్లున్నారు. దిక్కులకి ఎవరి మీదా పగ లేదు. ఇంట్లోవాళ్లు ముందు ఎవర్ని తీసెయ్యాలో అనుకుంటారు, తర్వాత శాస్త్రాన్ని పిలుస్తారు. ఒక శాస్త్రం ఒప్పుకోకపోతే ఇంకోదాన్ని పిలుస్తారు. చివరికి ఏదో ఒకటి ఒప్పుకుంటుంది.

ఇప్పుడు నేను కొత్త ఇంటికి ముగ్గు పోసేముందు దిక్కులు అడగను, అవి సిద్ధాంతిగారు చూసుకుంటారు. డబ్బు ఎవరు పంపుతున్నారు, స్థలం ఎవరి పేర ఉంది అని అడుగుతాను. రెండింటికీ ఒకే పేరు రావాలని లేదు. పంపే మనిషి పేరు రెండోదాంట్లో పక్కనైనా ఉందా అని చూస్తాను. ఇంతవరకూ చాలా ఇళ్లలో లేదు. ఈ ప్రశ్న అడిగినందుకు కొన్ని పనులు పోయాయి. మొన్న ఒకాయన, భార్య మస్కట్‌లో ఉందట, నా మొహం మీదే అన్నాడు, “మేస్త్రివి, ఇటుకలు పేర్చు” అని. ఆవిడ ఫోన్ నంబరు ఇస్తే పేరుస్తానన్నాను. ఇవ్వలేదు. వేరే మేస్త్రి ముగ్గు పోశాడు. ప్లింత్ అప్పుడే లేచింది.